అప్‌డేట్: ఫెరిటిన్ ఎందుకు పెరిగిందో తెలిసింది

ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను సూచించే రక్తపరీక్ష) వెయ్యి దాటింది, నీరసం, వేళ్ల కణుపుల్లో నొప్పి ఉన్నాయి, ఆహారం మారిస్తే సరిపోతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందో చూపే పరీక్ష) కూడా చేయించమన్న సలహాయే దారి చూపింది. వాపు, కొవ్వు కాలేయం, మద్యం వల్ల కూడా ఫెరిటిన్ పెరుగుతుంది గాని, శాచురేషన్ 45 శాతం దాటితే ఇనుము నిజంగానే పేరుకుంటోందేమో చూడాలని హెమటాలజిస్టు (రక్తవ్యాధుల డాక్టరు) వివరించారు. నాది 78 శాతం. హెచ్‌ఎఫ్‌ఈ జన్యువు రెండు ప్రతుల్లోనూ సి282వై మార్పు కనిపించడంతో వంశపారంపర్య హీమోక్రొమటోసిస్ (ఒంట్లో ఇనుము అవసరానికి మించి పేరుకునే జబ్బు) అని తేలింది.

అదనపు ఇనుమును బయటికి పంపే ఏర్పాటు శరీరానికి లేదు కనుక రక్తం తీయడమే చికిత్స. ఒక్కోసారి 500 మిల్లీలీటర్లు తీస్తే 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. ఫెరిటిన్ 50–100 మధ్యకు దిగేవరకు ఇలా తీసి, ఆ తర్వాత విరామం పెంచుతారు. ప్రస్తుతం నాది ఆ హద్దుల్లోనే ఉంది. నీరసం పోయింది, కణుపుల నొప్పి మాత్రం అలాగే ఉంది. అది తగ్గకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు.

నేను అంతగా పట్టించుకున్న ఆకుకూరల సంగతికి దీనితో సంబంధమే లేదు. ఐరన్, విటమిన్ సి మాత్రలు, మద్యం మాత్రం మానమన్నారు. తోబుట్టువులకూ ఇదే పరీక్ష చేయించమన్నారు; మా అన్నయ్య ఫలితం ఇంకా రావాలి.