రైతు దగ్గర నేరుగా కొనేవాళ్లు చెప్పండి, మార్కెట్ అవసరం పూర్తిగా తప్పిందా?

మిద్దెతోట: మా అపార్ట్‌మెంట్‌లో ముప్పై ఇళ్లవాళ్లం కలిసి శంకర్‌పల్లి వైపు రైతు దగ్గర కూరగాయలు తెప్పించుకుంటున్నాం. శనివారం పొద్దున్నే ఆటో వస్తుంది. మెంతికూర వేళ్లకి ఇంకా తడిమట్టి ఉంటుంది. మొదటి నెల పండగే. తర్వాత సొరకాయ, బీరకాయ, మళ్లీ సొరకాయ. పన్నెండు ఇళ్లవాళ్లు మెల్లగా జారుకున్నారు. ఉల్లిపాయలు, ఆలూ ఎలాగూ బయటే కొంటున్నాం.

టమాటా రైతు, మదనపల్లె: అక్కా, నాది అటువైపు కథ. బెంగళూరులో ఒక గ్రూపుకి ఇచ్చేవాణ్ణి. వాళ్లకి వారానికి 40 కిలోలు చాలు. నాకు ఒక్క కోతకే 60 క్రేట్లు దిగుతాయి. మిగతాది ఎక్కడ పోయాలి? మండీకే. అక్కడ కమీషన్, తరుగు అని కోస్తారు, కడుపు మండుతుంది. అయినా సాయంత్రానికి సరుకు ఖాళీ. గ్రూపువాళ్లేమో ఒక్క కాయకి మచ్చ కనిపిస్తే ఫొటో పెడతారు :)

సంచీ బాబాయ్: రైతుబజార్లని మరిచారేం? దళారులు లేకుండా అమ్ముకోవాలనే 1999 జనవరిలో మొదలుపెట్టారు. కానీ బోర్డు మీద ధర ఎలా వేస్తారో గమనించారా? హోల్‌సేల్ రేటు కనుక్కుని, దానికి కాస్త పైన, బయటి చిల్లర ధరకి కాస్త కింద. మండీ లేకపోతే పొద్దున్నే ఆ బోర్డు మీద రాయడానికి అంకే ఉండదు.

ఏసీ బ్యాచ్: సూపర్‌మార్కెట్‌లో అన్నీ దొరుకుతుంటే ఎందుకండీ ఈ తిప్పలు?

జొన్నరొట్టె, జహీరాబాద్: మా వైపు కథ వేరే. పస్తాపూర్‌లోని డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు 1990లలో బీడు భూములు సాగులోకి తెచ్చి జొన్నలు పండించాయి. సాగుకి తీసుకున్న అప్పు గింజల రూపంలో తీర్చడం, ఆ గింజలు ఊళ్లోని పేదలకి తక్కువ ధరకి ఇవ్వడం. అంటే సొంత రేషన్. అయినా రేషన్ షాపు పోలేదు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం కూడా ఇస్తున్నారు. మా ఇంట్లో పొద్దున రొట్టె, రాత్రికి ఆ అన్నం. అమ్మకి రెండూ కావాలి.

టమాటా రైతు, మదనపల్లె: మిద్దెతోట అక్కా, కోతకొచ్చాక ఆర్డర్ పెడితే సొరకాయే వస్తుంది. విత్తనం వేసేటప్పుడే మాట్లాడుకోండి, కొంచెం అడ్వాన్స్ ఇవ్వండి. నాకు అలా ఎవరూ ఇవ్వలేదు మరి.

మిద్దెతోట: అడిగాను తమ్ముడూ. వంకాయ, గోరుచిక్కుడు వేస్తాడట. ఈ శనివారానికి మాత్రం సొరకాయేనట.