అప్‌డేట్: రాత్రి షాట్లలో నల్ల చారలు, సంగతి తేలింది

నరసాపురం వలంధర రేవు మెట్ల మీద పడుకునే ఇల్లూవాకిలీ లేనివాళ్ల మీద చిన్న డాక్యుమెంటరీ తీస్తున్నాను, లైటు స్తంభం కింద తీసిన ప్రతి షాట్‌లోనూ అడ్డంగా నల్ల చారలు పాకుతున్నాయని అడిగాను కదా. షట్టర్ (ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు తీసుకునే సమయం) చూసుకోమన్నవారికి దండాలు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. నేనేమో షట్టర్ 1/60 సెకనులో పెట్టాను, ఆ మిణుకులతో లెక్క కుదరలేదు. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టగానే ఒక్కో ఫ్రేముకు సరిగ్గా రెండు మిణుకులు పడి చారలు మాయం. గోదారి తేమ అనుకుని లెన్సు తుడవడం, కొత్త మెమరీ కార్డు కొనడం అంతా దండగే. పాత షాట్లు ఎడిటింగ్‌లో బాగుపడలేదు, వదిలేశాను.

మళ్లీ తీయడానికి వెళ్తే ఒక మామ్మగారు "మొహం వద్దు బాబూ, మా కోడలు చూత్తాది" అన్నారు. చేతులూ సంచీ మాత్రమే తీశాను. పోయిన షాట్ కన్నా ఇదే బాగుంది.