తిరుపతికి ఇంటర్నెట్ తెచ్చింది నెట్ సెంటర్లా, జియోనా?

బైరాగిపట్టెడ కుర్రాడు:
ఈ వేదికలో "మా కాలంలో నెట్ సెంటర్లు" అనే నిట్టూర్పులు ఈమధ్య ఎక్కువయ్యాయి. అందుకే సూటిగా అడుగుతున్నాను. 2016 సెప్టెంబరు 5కు ముందు మన ప్రాంతంలో ఇంటర్నెట్ ఉందని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పగలరా? అంతకు ముందు 1 జీబీ డేటాకు సుమారు 250 రూపాయలు పెట్టి, నెలంతా పొదుపుగా వాడుకున్నాం. జియో వచ్చింది, మొదట డిసెంబరు ఆఖరు వరకు, తరువాత 2017 మార్చి ఆఖరు వరకు ఉచితం అంది. అప్పుడు గానీ పాకాల, పులిచెర్ల పల్లెల్లో గొర్రెలు కాసేవాళ్ల చేతికి యూట్యూబ్ రాలేదు. 1969లో అమెరికాలో రెండు కంప్యూటర్ల మధ్య మొదలైన కథ మన పల్లెకు చేరడానికి 47 ఏళ్లు పట్టింది. మధ్యలో నెట్ సెంటర్లవాళ్లు గంటకు ఇంత అని అద్దెకు ఇచ్చారు, అంతే. అద్దె సైకిలు తొక్కినవాడికి సైకిలు ఉన్నట్టా?

లీలామహల్ పాతకాపు:
నాయనా, ఊరంతా సైకిలు నేర్చుకున్నది ఆ అద్దె సైకిలు మీదే. నాకు లీలామహల్ దగ్గర నెట్ సెంటర్ ఉండేది కనుక పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నాను.

కాస్త వెనక్కి వెళ్దాం. అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను జనానికి తెరిచినప్పుడు అది ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు లాంటి మహానగరాల సరుకు. తిరుపతిలో ఎవరికైనా ఖాతా ఉంటే మద్రాసు నంబరుకు ఎస్‌టీడీ, అంటే దూరపు ఊరి ఫోను కాల్, కలపాలి. నెట్ ఖర్చు ఒకటి, ఫోను బిల్లు ఇంకొకటి. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలను అనుమతించాకే మాలాంటివాళ్లకు దారి దొరికింది. ఎస్‌టీడీ బూత్ నడిపినవాళ్లే చాలామంది రెండు కంప్యూటర్లు కొని నెట్ సెంటర్ బోర్డు పెట్టారు. గాజు గది అదే, బల్ల అదే.

గంటకు 30 రూపాయలు తీసుకున్నాం, కాదనను. ఆ డబ్బుకు ఏమిచ్చామో కూడా వినండి. అమెరికాలో కొడుకు ఉన్న తల్లిదండ్రులకు హెడ్‌ఫోను పెట్టి యాహూ మెసెంజర్‌లో కలిపి, పక్కన నిలబడి "ఇప్పుడు మాట్లాడండమ్మా" అని చెప్పాం. ఎంసెట్ ఫలితాల రోజు మెట్ల మీద దాకా జనం. ఇంజినీరింగ్ సీటుకు కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్ల సమయంలో రాత్రంతా షట్టరు సగం దించి పనిచేశాం. కాలేజీ కోడ్ ఒక్క అక్షరం తప్పు పడితే పిల్లవాడి నాలుగేళ్లు ఇంకొక ఊళ్లో గడుస్తాయి. ఆ భారం మోసింది ఏ టవరు? మేమే.

కుప్పం మాస్టారు:
ఇద్దరూ తిరుపతి చుట్టూనే తిరుగుతున్నారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా అవతలి కొసకు కూడా ఒకసారి రండి. 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో "ఐ-కమ్యూనిటీ" అని మూడేళ్ల పథకం పెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. కంప్యూటర్లు, ప్రింటర్లు వచ్చాయి, చూడడానికి విదేశీయులు కూడా వచ్చారు. జియోకు పద్నాలుగేళ్ల ముందు, నెట్ సెంటర్లు ఇంకా పట్టణం దాటని రోజుల్లో.

అందులో నాకు బాగా నచ్చిన భాగాన్ని ఎవరూ తలుచుకోరు. పొదుపు సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరా, సౌర విద్యుత్తుతో నడిచే చిన్న ప్రింటరు ఇచ్చి పల్లె ఫోటోగ్రాఫర్లుగా తయారు చేశారు. గుర్తింపు కార్డు ఫోటోకు పట్నం బస్సు ఎక్కే పని తప్పింది, ఆ ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు ఆడాయి. మూడేళ్ల గడువు తీరింది, కంపెనీ తప్పుకుంది. పైనుంచి దిగిన పథకానికి పైవాళ్ల ఓపిక ఉన్నంత వరకే ఆయుష్షు. ఆ లెక్కన పాతకాపు గారి నెట్ సెంటర్ గొప్పదే. ఎవరూ దింపలేదు, తన అప్పుతో తాను పెట్టుకున్నారు.

మహిళా వర్సిటీ పూర్వ విద్యార్థిని:
మాస్టారూ, నెట్ సెంటర్‌ను అంత త్వరగా ఎత్తకండి. అవి మగవాళ్ల చోట్లు. చెక్క అరలు, కొన్నిచోట్ల తెరలు, వెనక నుంచి వచ్చే నవ్వులు. నేను ఫీజు కట్టడానికో, హాల్ టికెట్ తీసుకోవడానికో వెళ్తే మా నాన్న కుర్చీ వెనక నిలబడేవారు. పని అయిపోయాక ఇంకొక్క అయిదు నిమిషాలు ఏదైనా చూద్దామని నోరు తెరిచి అడగలేకపోయేదాన్ని. 2011లో కేంద్రం సైబర్ కేఫ్ నిబంధనలు తెచ్చినప్పుడు అరల ఎత్తు నాలుగున్నర అడుగులు దాటకూడదని రాసింది. ఎందుకు రాయవలసి వచ్చిందో పాతకాపు గారికి తెలియనిది కాదు.

ఫేస్‌బుక్‌కు ముందు అందరూ వాడిన ఆర్కుట్ సైటు కాలం బంగారు కాలమని ఇక్కడ చాలామంది అంటారు. మా స్నేహితురాళ్లలో సొంత ఫోటో పెట్టిన అమ్మాయి ఒక్కరూ లేరు. గులాబీ పువ్వులు, చంటిపిల్లలు, సినిమా తారలు. పేరు కూడా సగమే.

మా అమ్మ జాకెట్లు కుడుతుంది, అయిదో తరగతి చదివింది. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ టైపింగ్‌లో తెలుగు చేరాక ఫోనుతో మాట్లాడి కొత్త కటింగ్ వీడియోలు వెతకడం మొదలుపెట్టింది. ఎవరినీ అడగలేదు, ఎవరూ వెనక నిలబడలేదు. గంట లెక్క లేదు. నా ఓటు జియోకు అనుకోండి, చవక డేటాకు అనుకోండి.

అక్షరాల పిచ్చి:
తీగ ఎవరు లాగారన్నదే చర్చ అవుతోంది, అందులో తెలుగు ఎప్పుడు పారిందని ఎవరూ అడగడం లేదు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే పద్ధతిలో సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. అయినా ఏళ్ల తరబడి మన పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటు పెట్టుకున్నాయి. నెట్ సెంటర్లో అది ఎక్కించి లేకపోతే వార్త బదులు పిచ్చి గీతలు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది, తరువాత లేఖిని వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేది. బ్లాగులు రాసింది, కూడలి అనే సైటులో వాటిని ఒకచోట చేర్చింది జీతం లేని మనుషులు. ఈ తగవు ఈరోజు తెలుగులో సాగుతోందంటే వాళ్ల పుణ్యమే. జియో వచ్చేసరికి ఇల్లు కట్టి ఉంది, కరెంటు బిల్లు తగ్గించడమే దాని పని.

ఇంకొక బాధ. ఆర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న మూసేశారు, మెయిలులో చర్చలు సాగిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పోయాయి. తెలుగు సాహిత్యం మీద రచ్చబండ లాంటి గుంపుల్లో జరిగిన వాదాలు ఎవరో దాచుకుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇప్పుడు అందరూ వాట్సాప్‌లో రాస్తున్నారు. బ్యాకప్ లేకుండా ఫోను మారితే అదీ పోతుంది.

బంగారుపాళెం తోట:
మాకు తోతాపురి మామిడి ధర వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే తెలుస్తుంది. తెలిసి ఏం లాభం? కాయ కోసి లోడు చేశాక గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాళ్లు చెప్పిందే ధర. నెట్ వచ్చాక ఎంత మోసపోతామో ముందే తెలుస్తోంది, అదొక్కటే తేడా. మీరు కానివ్వండి.

బైరాగిపట్టెడ కుర్రాడు:
అక్కా, మీరు నా మాటే నాకంటే బాగా చెప్పారు. అక్షరాల వారికి ఒక ప్రశ్న. ఆ బ్లాగులు పులిచెర్లలో ఎంతమంది చదివారు? చదివేవాళ్లు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటే దాన్ని మన ప్రాంతానికి నెట్ వచ్చినట్టు ఎలా లెక్కేస్తాం?

లీలామహల్ పాతకాపు:
అమ్మా, నాలుగున్నర అడుగుల మాట నిజమే. నా దగ్గర అరలు అంతకంటే ఎత్తుగానే ఉండేవి, అలా అడిగి మరీ కూర్చునేవాళ్లు ఉండేవారు. దాని గురించి నేను వాదించను.

కానీ కుర్రవాడికి ఒక మాట. నా సెంటర్ మూతపడలేదు. జిరాక్స్ మిషను చేర్చాను, అంతే. ఇప్పుడు వచ్చేవాళ్లందరి చేతిలో ఫోను ఉంటుంది, రోజుకు చాలినంత డేటా ఉంటుంది. అయినా వస్తారు. ఫోటో 50 కేబీ లోపు ఉండాలంటుంది ఒక సైటు, సంతకం 20 కేబీ అంటుంది ఇంకొకటి, పేరు ఆధార్‌లో ఒక రకం, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకొక రకం. కొండ మీద 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు చూడండి, పొద్దున్నే నా గుమ్మం ముందు కుటుంబాలు ఉంటాయి. వీడియో చూడడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. సర్కారుతో పని పడినప్పుడు మాత్రం మనిషి కావాలి. మీసేవ 2011 నవంబరులో మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే మొదలైంది, అదీ కౌంటరే కదా. కౌంటరు అవతల కూర్చున్నది మనిషే కదా.

మహిళా వర్సిటీ పూర్వ విద్యార్థిని:
ఆ మనిషి గురించే నా అనుమానం. మీ దగ్గరికి వచ్చినవాళ్లు ఓటీపీ ఎవరికి చెబుతారు? మీకు. ఆ రోజుల్లో మీరు తయారు చేసి ఇచ్చిన మెయిలు ఐడీల పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉండేవి?

లీలామహల్ పాతకాపు:
నోటుబుక్కులో రాసి పెట్టేవాణ్ణి. దాచుకోవడానికి కాదు, మరిచిపోయి మళ్లీ నా దగ్గరికే వచ్చేవారు కనుక.

మహిళా వర్సిటీ పూర్వ విద్యార్థిని:
ఆ నోటుబుక్కు ఇప్పుడు ఎక్కడుంది?

లీలామహల్ పాతకాపు:
అటక మీద ఉండాలి. చింపేయమంటావా?

బైరాగిపట్టెడ కుర్రాడు:
చింపకండి బాబాయ్! 2011లో మా అక్క వెబ్ ఆప్షన్లు మీ దగ్గరే పెట్టింది. ఆ మెయిలు ఇప్పటికీ తెరుచుకోవడం లేదు, బ్యాంకు ఖాతాకు అదే ఇచ్చి ఉంది. రేపు సాయంత్రం షాపు తెరిచి ఉంటుందా?