అప్‌డేట్: స్లొవేనియా కారు ప్రయాణం ముగించుకుని వచ్చాము

జులైలో అమ్మానాన్నలతో ఎనిమిది రోజులు అద్దె కారులో స్లొవేనియా చుట్టి రావాలనుకుంటున్నామనీ, రోజుకో ఊళ్లో బస మార్చడం మంచిదేనా అనీ ఇంతకుముందు అడిగాను. రెండే చోట్ల మకాం పెట్టుకోమన్నవారి సలహానే పాటించి, బోహిన్ సరస్సు దగ్గర ఐదు రాత్రులు, సముద్రతీరంలోని పిరాన్‌లో రెండు రాత్రులు ఉన్నాము.

దేశ విస్తీర్ణం సుమారు 20 వేల చదరపు కిలోమీటర్లే కదా అన్న ధీమా వర్షిచ్ కనుమ దగ్గర సడలింది. క్రాన్‌స్కా గోరా ఊరి నుంచి 1,611 మీటర్ల ఎత్తుకు ఎక్కి సోచా లోయలోకి దిగే ఆ దారిలో 50 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. ఉత్తరం వైపు మలుపుల్లో రాళ్లు పరిచి ఉండటం వల్ల వాన పడితే మరింత జాగ్రత్త అవసరం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రష్యన్ ఖైదీల చేత వేయించిన ఆ రోడ్డు పక్కన, 1916లో మంచుచరియల కింద మరణించినవారి స్మారకంగా నిలిచిన చిన్న కొయ్య చర్చి దగ్గర చాలాసేపు ఆగాము. అమ్మకు కళ్లు తిరగడం కూడా అందుకు ఒక కారణమని ఒప్పుకోవాలి.

మోటారు రహదారులకు విన్యెట్ (ముందుగా టోల్ చెల్లించి తీసుకునే అనుమతి) తప్పనిసరి కనుక, అది కారుకు ఉందో లేదో తాళాలు తీసుకునేటప్పుడే అడగండి. పగలు కూడా హెడ్‌లైట్లు వేసుకునే నడపాలి. పోస్తోయ్నా గుహల్లో ఎండాకాలంలోనూ 10 డిగ్రీల చలి ఉంటుంది; స్వెటర్లు కారులోనే వదిలేసి మేము బాగా వణికాము. రాజధాని ల్యూబ్లియానాకు ఒక్క పూటే మిగిలింది.