ఆడపిల్లలకు బార్బీ బొమ్మలు కొనడం మానేయాలా?

మారతహళ్ళి పిన్ని:
మా అక్క కూతురికి ఆరేళ్లు. పుట్టినరోజుకి ఎవరో బార్బీ ఇచ్చారు. మొన్న బొమ్మ చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుని "పిన్నీ, నేనెందుకు నల్లగా ఉన్నా?" అంది. వెంటనే పెట్టె వెనకున్న బొమ్మలన్నీ చూపించి "ఈ డ్రెస్సులు కూడా కొనిపెట్టవా?" అని మొదలుపెట్టింది. అసలు ఈ బొమ్మల్ని ఇంట్లోకే రానివ్వకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఇందిరానగర్ నాన్న:
నెపమంతా బొమ్మ మీదకి నెట్టకండి. పిల్ల పుట్టగానే "రంగు ఎవరిదొచ్చింది?" అని అడిగేది మన చుట్టాలే కదా! 1959లో రూత్ హ్యాండ్లర్ బార్బీని తెచ్చేనాటికి ఆడపిల్లలకి దొరికేవి ఎక్కువగా పసిపాప బొమ్మలే. అమ్మ కావడమే కాదు, ఇంకేదైనా కావచ్చని ఆ బొమ్మ చూపించింది. 1965లోనే వ్యోమగామి బార్బీ వచ్చింది. 2016 నుంచి బొద్దుగా, పొట్టిగా, పొడుగ్గా ఉన్నవీ వస్తున్నాయి.

మారతహళ్ళి పిన్ని:
చుట్టాల సంగతి నిజమేనండీ, ఆ మాటలు నేనూ పడ్డాను. కానీ వ్యోమగామి కంటే రెండేళ్ల ముందు, 1963లో, ఒక బార్బీ డ్రెస్సు సెట్టుతో పాటు బరువు తగ్గడం ఎలా అనే బుల్లి పుస్తకం ఇచ్చారు. అందులో సలహా ఒక్కటే: తినొద్దు! ఆడుకునే పిల్లలకి ఇవ్వాల్సిన మాటేనా అది? బ్రిటన్‌లో 5 నుంచి 8 ఏళ్ల ఆడపిల్లల మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. పుస్తకంలో బార్బీ చిత్రాలు చూసిన చిన్నపిల్లలకి తమ ఒంటి మీద అసంతృప్తి పెరిగిందని తేలింది. ఆరేళ్ల పిల్లకి చుట్టాల మాటని ఎదిరించడమే కష్టం. దానికి తోడు రోజూ పక్కలో పడుకోబెట్టుకునే బొమ్మ కూడా అదే మాట చెబితే ఎలా?

ఇక ఖర్చు. మొదట్నుంచీ బొమ్మ ఒకటి, బట్టలు వేరే అమ్మకం. 2016లో ఒళ్లు మార్చారు సరే, పాత బార్బీ బట్టలు బొద్దు బార్బీకి పట్టవు. అంటే మళ్లీ కొనాల్సిందే.

జయనగర్ అమ్మమ్మ:
అమ్మాయ్, ఇప్పుడు లాక్కుంటే పిల్ల పక్కింట్లో చూసి ఇంకా ఏడుస్తుంది. జాకెట్టు ముక్కలుంటే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మకి లంగా కుట్టు. మా మనవరాలు సూదిలో దారం తనే ఎక్కిస్తుంది. డ్రెస్సుల పెట్టెలు అడగడం తగ్గింది.

మారతహళ్ళి పిన్ని:
కుడతాను అమ్మమ్మగారూ. బట్టల సంగతి అలా సర్దుకుంటుంది. రంగు గురించి అడిగిందే, దానికేం చెప్పమంటారు?