బారతదేశం అని చదివితే తప్పు చదివినట్టేనా?

దేవరకొండ_నాన్న:
మా అబ్బాయి దేవరకొండలో ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతి చదువుతున్నాడు. మొన్న గట్టిగా చదివించే పరీక్షలో వాడికి పదికి మూడు మార్కులే వచ్చాయి. వాచకంలో టీచరు పెన్సిలుతో సున్నా చుట్టిన మాటలు భారతదేశం, ఫలం, శంకరయ్య, ఘటం. వాడు బారతదేశం, పలం, సంకరయ్య, గటం అన్నాడట. "ఉచ్చారణ దోషం ఉంది, డాక్టరుకు చూపించండి" అని డైరీలో రాసి పంపారు. నేనూ, మా అమ్మా, మా వాడకట్టు మొత్తం ఈ మాటలను అలాగే అంటాము. ఇది దోషమా, మా ఇంటి భాషా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

పెద్దపంతులు_నల్లగొండ:
ముప్పైరెండేళ్లు తెలుగు చెప్పినవాడిగా రాస్తున్నాను. కరము అంటే చేయి, ఖరము అంటే గాడిద. ఆ తేడా నోటికి రానివాడికి చెవికీ రాదు, చెవికి రానిది కలానికీ రాదు, డిక్టేషనులో అదే తప్పు దిగుతుంది. ఇంట్లో అలాగే అంటామన్నది సమాధానం కాదు. బడికి పంపేది అందుకే.

మూసీగట్టు:
గాడిదను ఖరమని పిలిచినవారిని మా మిర్యాలగూడలో నేనింతవరకు చూడలేదు.

పాలమూరు_పాఠకురాలు:
పంతులుగారూ, బాలవ్యాకరణం ఆరంభంలోనే చిన్నయ సూరి సంస్కృతానికి 50 వర్ణాలని, తెలుగుకు 36 అని లెక్క చెప్పారు. ఆ 36లో ఖ, ఘ, ఫ, భ లేవు. శ, ష కూడా లేవు. అచ్చ తెలుగులో లేని ధ్వని ఎదురైనప్పుడు పిల్లవాడి నోరు తనకున్న దగ్గరి ధ్వనితో సర్దుకుంటే దాన్ని రోగమని ఎలా అంటాము? ఇంకొక మాట. ఫ అన్నది రెండు పెదవులూ కలిసి విడిపోతే పలికే అక్షరం. చదువుకున్నవారిలో ఎంతోమంది పై పళ్లను కింది పెదవికి ఆనించి ఇంగ్లీషు ఎఫ్‌తో "ఫలితం" అంటున్నారు. దాని చుట్టూ ఏ టీచరూ సున్నా చుట్టదు.

పెద్దపంతులు_నల్లగొండ:
అమ్మా, ఆ తరువాతి సూత్రాన్ని మీరు వదిలేశారు. సంస్కృత సమమైన పదాలతో కూడి ఆ వర్ణాలు తెలుగులో వ్యవహారంలో ఉన్నాయని సూరిగారే అన్నారు. భారతం సంస్కృత సమమా, కాదా? దానికి మాత్రం జవాబు చెప్పండి.

పాలమూరు_పాఠకురాలు:
సంస్కృత సమమే. నేనడిగింది రోగమా అని. దానికి మీ జవాబు రాలేదు.

గద్వాల_మాటసాయం:
నేను పిల్లల మాటకు సంబంధించిన చికిత్స చేసేదాన్ని. బారతదేశం అన్న పిల్లవాడు ఆ అక్షరాలను గుర్తుపట్టి, కూర్చి, తన నోటితో పలికాడు. చదవడం వరకు అది తప్పు కాదు. అదే పిల్లవాడు దీర్ఘం చూడక "భరతదేశం" అన్నా, అక్షరాలు తారుమారై "పలక"ను "పకల" అన్నా, అది చదువులో తప్పు. మూడేళ్లవాడు కాకిని "తాతి" అంటే అది వయసుతో పోయేది, ర అయితే ఇంకా ఆలస్యంగా కుదురుతుంది. నాలుగేళ్లు దాటినా వాడి మాట కొత్తవారికి చాలావరకు అర్థం కాకపోతే మాత్రం చూపించాలి. ఒకే అక్షరం తప్పడానికి కారణం ఒకటే ఉండదు.

దేవరకొండ_నాన్న:
పంతులుగారూ, నేను డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక ఇంటర్వ్యూకు వెళ్లాను. తండ్రి పేరు అడిగితే "సంకరయ్య" అన్నాను. ఎదురుగా ఉన్న ఇద్దరూ ముఖాలు చూసుకుని నవ్వారు, తరువాత అడిగినవేవీ నాకు వినపడలేదు. మా నాయన పేరు మా నోటితో పలికితే అప్పుడు నవ్వులాట అయింది, ఇప్పుడు నా కొడుకు నోట అదే పేరు దోషమైంది. మీరు సూత్రాలు లెక్కపెట్టుకోండి.

పెద్దపంతులు_నల్లగొండ:
నేనెవరినీ చూసి నవ్వలేదు. మా మనవడు స, శ, ష అన్నింటినీ ఒకే తీరుగా పలికేవాడు, వెనుక నుంచి పిలిస్తే తిరిగేవాడు కాదు. "మన దగ్గర అందరూ అంతే, అదే వస్తుంది" అని ఇంటిల్లిపాదీ అన్నాము, అందరికన్నా ముందు నేనే అన్నాను. ఐదో ఏట చెవి డాక్టరు చూసి కర్ణభేరి వెనుక నీరు చేరిందని, చాలాకాలంగా సరిగా వినపడటం లేదని చెప్పాడు. ఇంటి భాష అన్న మాట వింటే నాకు భయం వేస్తుంది, అంతే.

దేవరకొండ_నాన్న:
అయితే డైరీలో "చెవి పరీక్ష చేయించండి" అని రాయాలి. దోషం అని రాస్తే పిల్లవాడు చదివింది ఆ ఒక్క మాటే.

గద్వాల_మాటసాయం:
అన్నా, ఇంతకూ ఆ పది మార్కుల్లో పోయినవి ఏడు, మీరు చెప్పిన మాటలు నాలుగే. మిగతావి ఎక్కడ పోయాయి? వాడి చేత ఆ పాఠం మీరు ఒకసారి చదివించారా?

దేవరకొండ_నాన్న:
నిన్న రాత్రి చదివించాను. బొమ్మ కనబడుతుంటే గడగడా చదివాడు. బొమ్మ మీద అరచేయి పెట్టి, కింది నుంచి పైకి ఒక్కొక్క వాక్యమే అడిగితే ఆగిపోయాడు. "కలప"ను "కపల" అన్నాడు, "బడిలో" అన్నచోట "ఇంట్లో" అన్నాడు. వాటి చుట్టూ టీచరు సున్నా చుట్టలేదు. ఒత్తుల కోపంలో నేనూ చూడలేదు.

పెద్దపంతులు_నల్లగొండ:
బాబూ, ముందు చెవి పరీక్ష చేయించండి. అది బాగానే ఉంటే సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ఉన్న మేధో దివ్యాంగుల జాతీయ సంస్థకు తీసుకువెళ్లండి, నల్లగొండ మీదుగా వెళితే నేనూ వస్తాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో చదువుకు సంబంధించిన ఈ ఇబ్బందికి కూడా చోటుంది. ఖరము సంగతి తరువాత చూసుకుందాము.