నాన్న పాత స్టీరియోకి ల్యాప్‌టాప్ కలపాలా, 2.1 సెట్టు కొనాలా? బడ్జెట్ 2500

చరణ్_తెనాలి
అందరికీ నమస్తే. కోచింగ్ క్లాసులన్నీ ల్యాప్‌టాప్‌లోనే, రాత్రి పాటలు కూడా దాంట్లోనే, ఫ్యాన్ మూడులో పెడితే దాని సౌండు వినపడదు. చేతిలో 2500 ఉన్నాయి, 2.1 సెట్టు (రెండు చిన్న స్పీకర్లు, బాస్ కోసం కింద పెట్టే సబ్‌వూఫర్ డబ్బా) కొందామనుకున్నా. ఈలోపు అటక మీద నుంచి నాన్న 1998లో వాయిదాల మీద కొన్న మినీ హైఫై దింపా, సీడీ లెన్స్ పోయిందని ఎప్పుడో పైకెక్కించారు. కేబుల్ టీవీ వైరు యాంటెన్నా సాకెట్‌కి తగిలిస్తే రేడియో బ్రహ్మాండంగా వస్తోంది. వెనకాల ఫోనో అని ఒక జత, వీడియో/ఆక్స్ అని ఒక జత ఎరుపు తెలుపు సాకెట్లు ఉన్నాయి. ఒక పక్క హెడ్‌ఫోన్ పిన్ను, ఇంకో పక్క రెండు పిన్నులు ఉండే వైరు 180 పెట్టి తెచ్చి ఫోనోలో పెట్టా. పాట పగిలిపోయి వచ్చింది, దానికి తోడు గుంయ్ మని మోత. సెట్టు పోయినట్టేనా?

పాతసెట్టు_మూర్తి
ముందు ఆ పిన్నులు ఫోనోలోంచి తియ్యి నాయనా. అది రికార్డు ప్లేయర్ కోసం పెట్టింది. రికార్డు ముల్లు నుంచి వచ్చేది 5 మిల్లీవోల్టుల లెక్క, నీ ల్యాప్‌టాప్ ఇచ్చేది ఒక వోల్టు దాకా ఉంటుంది, అంటే రెండొందల రెట్లు, పగలక ఏం చేస్తుంది? పైగా రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు, ఫోనో సర్క్యూట్ దాన్ని మళ్లీ తిరగేస్తుంది, మామూలు పాట అందులోకి పంపితే బాస్ ఉబ్బిపోయి బురదలా వస్తుంది. ఆక్స్‌లో పెట్టు. పెట్టేటప్పుడు రెండూ ఆఫ్ చెయ్యి. ల్యాప్‌టాప్ వాల్యూమ్ 80-90 మీద ఉంచి మిగతాది సెట్టు నాబ్‌తో తగ్గించుకో. 180తో నీ పని అయిపోయింది, 2500 దాచుకో.

వేణు_నైట్‌షిఫ్ట్
తమ్ముడూ నా మాట విను, 2.1 కొనుక్కో, వారంటీ ఉంటుంది. పోయినేడు నేనూ ఇలాగే ఎవరో చెప్పింది విని సెకండ్‌హ్యాండ్ స్టీరియో 4500 పెట్టి తెచ్చా. షాపులో బాగానే పాడింది, నాలుగో రోజుకి ఒక స్పీకర్‌లో పరపరమని సౌండు. జాలీ తీసి చూస్తే కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు వేలు పెడితే పొడిగా రాలింది. రింగులకి 1200. తర్వాత వాల్యూమ్ తిప్పితే బరబర. మూడు సార్లు బస్సులో మెకానిక్ దగ్గరికి మోశా, ఆఖరికి ఒక ఛానల్ మొత్తం పోయింది. ఇప్పుడది మంచం కింద ఉంది. పాత సెట్టు సౌండు బాగుంటుంది అనేది ఉత్త మాట.

ఫణి99
బ్లూటూత్ రిసీవర్ పెట్టేయ్ బ్రో ఆక్స్‌కి, వైరు గొడవే ఉండదు

పాతసెట్టు_మూర్తి
వేణు గారూ, మీరు కొన్నది ఎవరి చేతుల్లో నలిగిందో, ఎన్ని ఫంక్షన్లలో మోగిందో ఎవరికి తెలుసు. ఈ అబ్బాయిది వాళ్లింట్లోది. పోయింది సీడీ లెన్స్, దానికీ ఆంప్లిఫయర్‌కీ సంబంధం లేదు, ఇలా లెన్స్ పోయిందనే చాలా ఇళ్లలో మంచి ఆంప్లు అటకెక్కాయి. వాల్యూమ్ బరబర అంటే నాబ్ లోపల మురికి పట్టిందని, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు పోతుంది. ఇక సౌండు బాగోదన్నారే, అది నేను ఒప్పుకోను. చవక 2.1లో పక్క డబ్బాల్లో ఉండేది రెండున్నర, మూడంగుళాల స్పీకర్. 200 హెర్ట్జ్ దిగువకి, అంటే బాస్ వైపుకి వస్తే అది చేతులెత్తేస్తుంది, అక్కడి నుంచి కిందదంతా సబ్‌వూఫర్ పాడాలి. మగ గొంతు బరువంతా ఆ 100-200 మధ్యలోనే ఉంటుంది. ఘంటసాల గారి గొంతు సగం బల్ల మీద నుంచి, సగం కాళ్ల దగ్గర నుంచి వస్తుంటే వినగలరా మీరు? ఆ సెట్టుకి ఐదారంగుళాల వూఫర్ ఉండి ఉంటుంది. డబ్బా మీద వేల వాట్ల పీఎంపీఓ చూసి మోసపోకు చరణ్, అది అమ్ముకోడానికి వేసే అంకె, నిలకడగా ఎంత ఇస్తుందో చెప్పే ఆర్‌ఎంఎస్ చూడు, చిన్న గదికి 10-15 వాట్లు ఎక్కువే.

ఫణీ, బ్లూటూత్‌తో పాటలకి ఇబ్బంది లేదు, క్లాసు వీడియోలో మాత్రం ఒక్కోసారి పెదాలకీ మాటకీ కుదరదు.

వేణు_నైట్‌షిఫ్ట్
నేను ఘంటసాల గురించి అడగలేదండీ. ఆ అబ్బాయికి క్లాసు వినపడితే చాలు.

చరణ్_తెనాలి
ఆక్స్‌కి మార్చా మూర్తి గారూ, పగలడం పోయింది, సౌండు అదిరింది! కానీ గుంయ్ మోత అలాగే ఉంది. ఒకటి గమనించా, ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే మోత ఉండదు, పెట్టగానే వస్తుంది.

గల్లీ_రమేష్_కోఠి
గిది చిన్న ముచ్చట తమ్మీ. చార్జర్ ప్లగ్గుకు పైన లావు పిన్ను ఉంటది సూడు, దాన్ని తీసెయ్, లేకుంటే టూపిన్ అడాప్టర్ పెట్టు. మోత బంద్ అయితది. నేను పదేండ్ల సంది గట్లనే వాడుతున్న.

సునీత_ఈఈఈ
రమేష్ గారూ దయచేసి ఆ పోస్టు తీసెయ్యండి. అది ఎర్త్ పిన్ను. చాలా చార్జర్లలో లైన్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు ఎర్త్‌కి వెళ్తాయి, ఎర్త్ తీసేస్తే బాడీ ఆ రెండింటి మధ్యలో, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమంటుంది అంతే, మెటల్ ల్యాప్‌టాప్ మీద చెయ్యి రాస్తే గరగరమనేది అదే. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజు 230 మొత్తం బాడీ మీదకి రావచ్చు, అక్కడి నుంచి ఆడియో వైరు గుండా స్టీరియో మీదకి.

గల్లీ_రమేష్_కోఠి
మా దిక్కు సగం ఇండ్లల్ల ఎర్తే లేదక్కా. బోర్డుకు బొక్క ఉంటది, ఎనుక వైరు ఉండది. మరి గంతమంది సచ్చిన్రా? పదేండ్ల సంది నాకేం గాలే అని చెప్తున్న గదా.

సునీత_ఈఈఈ
గుంటూరులో మేం అద్దెకున్న ఇంట్లో మీరు చెప్పినట్టే బొక్క ఉంది, వైరు లేదు. మా తమ్ముడికి పదమూడేళ్లు, తడి చేత్తో వాషింగ్ మెషిన్ పట్టుకున్నాడు, చెయ్యి రాలేదు. అమ్మ మెయిన్ కట్టేసింది కాబట్టి ఉన్నాడు. ఇంటాయన కూడా అచ్చం మీ మాటే అన్నాడు, ఇన్నేళ్లూ ఏం కాలేదుగా అని. నేను ఎలక్ట్రికల్ తీసుకున్నదే ఆ రోజు వల్ల. ఎర్త్ లేకపోతే పెట్టించుకోవాలి, ఉన్న ఎర్త్ గుంతలో ఎండాకాలం నీళ్లు పొయ్యాలి. అంతేగానీ ఉన్నదాన్ని పీకమని ఇరవై ఏళ్ల పిల్లాడికి చెప్పకండి.

గల్లీ_రమేష్_కోఠి
సరే అక్కా, మీ తమ్ముని సంగతి నాకెర్క లేదు. పోస్టు తీసేస్త. మరి మోత ఎట్ల పోవాలె?

పాతసెట్టు_మూర్తి
నేనే ముందు అడగాల్సింది. చరణ్, నీ సెట్టు ప్లగ్గు టూపిన్నేనా? అయితే దానికి ఎర్త్ వేరే దారిలో వస్తోంది. కేబుల్ టీవీ వైరు యాంటెన్నాకి తగిలించానన్నావు కదా మొదట్లో, అదే దొంగ. ఆ వైరు పై జాలీ స్తంభం మీద కేబుల్ వాళ్ల బూస్టర్ దాకా వెళ్తుంది, అక్కడి ఎర్త్ వేరు, మీ ఇంటి ఎర్త్ వేరు, రెండిటి మధ్య తేడా నీ ఆడియో వైరులోంచి పారుతోంది, ఆ కరెంటు 50 హెర్ట్జే నీకు గుంయ్ మని వినపడేది. చార్జర్ పీకితే చుట్టు తెగిపోతుంది, అందుకే మోత ఆగుతోంది. కేబుల్ వైరు పీకి ముప్పావు మీటరు మామూలు వైరు ముక్క యాంటెన్నాగా పెట్టుకో, ఎఫ్‌ఎంకి ఆ పొడవు సరిపోతుంది. అప్పటికీ మోత ఉంటే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, ఆడియో వైరు మధ్యలో పెట్టాలి. ఎర్త్ జోలికి మాత్రం వెళ్లకు, సునీత గారు చెప్పింది అక్షరాలా నిజం.

వేణు_నైట్‌షిఫ్ట్
180తో అయిపోతుందన్నారు. ఫోనో అయింది, ఎర్త్ అయింది, కేబుల్ వైరు అయింది, ఇప్పుడు డబ్బీ అంటున్నారు. నాలుగు రోజులు. 2.1 అయితే ఈపాటికి డబ్బా విప్పి వినేవాడు.

పాతసెట్టు_మూర్తి
మీ 4500 పోయిందన్న కక్షంతా ఈ పిల్లాడి సెట్టు మీద తీర్చుకుంటున్నారు మీరు. చూసి కొనడం చేతకాక, జాలీ తీసి ఫోమ్ కూడా నొక్కి చూడకుండా డబ్బులిచ్చి, తప్పంతా పాత సెట్టుదంటే ఎలా?

వేణు_నైట్‌షిఫ్ట్
అవును చేతకాలేదు. ఫోమ్ నొక్కి చూడాలని నాకెవరు చెప్పారు? మీలాంటివాళ్లే, "పాతది కొను, వైరు కలుపు, అంతే" అని రాశారు, నేను నమ్మా. మీ దగ్గర మీటరుంది, సోల్డరింగ్ ఐరనుంది, మోత వింటే ఎక్కణ్నుంచి వస్తోందో చెప్పే చెవి ఉంది. నేను తెల్లారి ఆరింటికి డ్యూటీ దిగుతా, మెకానిక్ షాపు తీసేది పదకొండింటికి, ఆ మూడు రోజులూ నిద్ర మానుకుని తిరిగా. బడ్జెట్ అంటే డబ్బు ఒక్కటేనా? నా నిద్ర లెక్కలోకి రాదా? 180తో అయిపోతుంది అని రాసిన ప్రతిసారీ నాకు మండేది అందుకే.

పాతసెట్టు_మూర్తి
ఈ మాట మొదటి రోజే అనాల్సింది. మీరు సౌండు ఉత్త మాట అన్నారు, నేను దాన్ని పట్టుకున్నా. "అంతే" అని రాయడం నా తప్పే, చేత్తో చేసేవాడికి అంతే, కొత్తవాడికి నాలుగు రోజులు. కానీ వేణు గారూ, నేను పుట్టుకతో మెకానిక్‌ని కాదు, బ్యాంకులో గుమాస్తాని. కొత్త సెట్టు కొనే స్తోమత లేక ఆదివారాలు పాత రేడియోలు విప్పి నేర్చుకున్నా. ఈ అబ్బాయికి కోచింగ్ మధ్యలో 2500 అంటే ఎంతో నాకు తెలుసు, అందుకే ఖర్చు పెట్టించబుద్ధి కాదు.

వేణు_నైట్‌షిఫ్ట్
కోచింగ్ మధ్యలో నాలుగు రోజులంటే ఎంతో నాకూ తెలుసు.

లక్ష్మి_విజయనగరం
అసలు చరణ్‌ని అడిగారా ఎవరైనా

చరణ్_తెనాలి
కేబుల్ వైరు పీకా, మోత పూర్తిగా పోయింది. రేడియో కొంచెం తగ్గింది, పర్లేదు. రాత్రి క్లాసయ్యాక నాన్న వచ్చి కూర్చుని గంటన్నర ఇళయరాజా పాటలు పెట్టించుకున్నారు. పొద్దున్నుంచి మాత్రం కుడి స్పీకర్ సన్నగా వస్తోంది. వేణు అన్నా, ఇది మీ సెట్టుకి వచ్చినట్టే అవుతోందా? కొంచెం భయంగా ఉంది.

వేణు_నైట్‌షిఫ్ట్
నాకు ఇలాగే మొదలైంది. నాకైతే అప్పుడు ఏం చూడాలో చెప్పినవాళ్లు లేరు. మూర్తి గారూ చెప్పండి.

పాతసెట్టు_మూర్తి
ముందు రేడియో పెట్టు. రేడియోలో రెండు పక్కలా సమానంగా వస్తే సెట్టు బాగున్నట్టు, స్పీకర్లు బాగున్నట్టు, లోపం వైరుదో ల్యాప్‌టాప్‌దో. రేడియోలో కూడా సన్నగా ఉంటే సెట్టు ఆఫ్ చేసి వెనక స్పీకర్ వైర్లు కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చు. అప్పుడూ కుడి స్పీకరే సన్నగా వస్తే లోపం స్పీకర్‌ది, ఎడమ స్పీకర్‌కి మారితే ఆంప్‌ది.

చరణ్_తెనాలి
రేడియో రెండు పక్కలా ఒకేలా ఉంది. ల్యాప్‌టాప్ దగ్గర పిన్ను కదిపితే కుడిది వచ్చి పోతోంది. వైరే. సాయంత్రం మార్చుకొస్తా.